తేలిక దెబ్బలు మింగిన ప్యాడ్

నా దుకాణానికి వచ్చే యంత్రాలతో పెద్ద తిప్పలేమిటంటే, నా దగ్గర అవన్నీ మంచిగానే నడుస్తాయి. పెళ్లిలో మొరాయిస్తాయి, భజనలో మొరాయిస్తాయి, ఊరేగింపు నడిబజారుకు చేరినప్పుడు మొరాయిస్తాయి. ఆర్మూరు పాత బస్టాండు వెనక సందులో ఉన్న నా బల్ల మీదికి ఎక్కగానే మాత్రం, డాక్టరు ముందు కూర్చోగానే దగ్గు ఆగిపోయిన రోగిలా బుద్ధిగా మోగుతాయి. తెచ్చినవాడు నా ముఖం చూస్తాడు. నేను వాడి ముఖం చూస్తాను.

"నేను అబద్ధం చెప్తున్ననా అన్నా?" అంటాడు వాడు.

"నువ్వు గాదు తమ్మీ, గిదే చెప్తుంది" అంటాను నేను. ఇద్దరం నవ్వుతాం. వాడు వెళ్లాక నవ్వేది ఏమీ ఉండదు.

ఎనిమిదో తరగతి సగంలో బడి మానేసి రేడియోలు బాగుచేసే దుకాణంలో చేరాను. అప్పట్లో రోగానికి వాసన ఉండేది. మూత తీసి ముక్కు దగ్గర పెడితే ఎక్కడ కాలిందో తెలిసేది. కాలినదాన్ని పీకి కొత్తది అతికిస్తే పాట వచ్చేది. ఇప్పుడేదీ కాలదు. కీబోర్డులో, మిక్సర్లో, డ్రమ్ము ప్యాడ్లో, అన్నిట్లో ఒక చిప్పు, దాని లోపల సాఫ్ట్‌వేర్. కంపెనీవాళ్లు దాన్ని ఫర్మ్‌వేర్ అంటారు. దాన్ని మార్చడాన్ని మా బజారులో 'సాఫ్ట్‌వేర్ కొట్టుడు' అంటారు. అది రాసినవాడు ఎక్కడో చల్లని గదిలో కూర్చుని రాసి ఉంటాడు. యంత్రాన్ని మనుషులు ఎట్లా వాడతారో ఊహించుకునే రాసి ఉంటాడు. కానీ ఆ ఊహలో మన ఊరి పెళ్లి లేదు.

ఒకసారి దొంకేశ్వర్ నుంచి ఒక భజన బృందం కీబోర్డు తెచ్చింది. ప్రతి శనివారం సరిగ్గా హారతి ముందు అది తనంతట తనే ఆరిపోతోందట. దేవుడికి కోపం వచ్చిందేమోనని వాళ్లు కొబ్బరికాయలు కూడా కొట్టారు. రెండు వారాలు దాన్ని ఊడదీసి, బిగించి, చివరికి ఒక శనివారం వెళ్లి వాళ్ల పక్కన కూర్చున్నాను. హారతికి ముందు పెద్దాయన ఒక కథ చెప్తాడు. కథ మంచిదే, కానీ పొడుగ్గా ఉంటుంది. అరగంటసేపు ఎవరూ మీట ముట్టుకోకపోతే, అందరూ ఇంటికి వెళ్లిపోయారనుకొని ఆరిపోవాలని కీబోర్డులో రాసి ఉంది. "దేవునికి గాదు పెద్దాయనా, మీ కథకు గీ కీబోర్డుకే నిద్ర వస్తుంది" అన్నాను. ఆయన తప్ప అందరూ నవ్వారు. సెట్టింగు మార్చి వచ్చేశాను.

అట్లా నవ్వించడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. చదువు లేనివాడికి నోరన్నా ఉండాలి కదా. ఆ నోటితోనే కాకను ఏడిపించాను.

కాక అని పిలుస్తాను గానీ చుట్టరికం ఏమీ లేదు. మా నాన్న జతగాళ్లలో అందరికన్నా చిన్నవాడు, అంతే. గల్ఫులో కొన్నేళ్లు బరువులు మోసి వచ్చి, మళ్లీ తనకు వచ్చిన పనికే చేరాడు. పెళ్లి బ్యాండులో ప్యాడ్ వాయిస్తాడు. ప్యాడ్ అంటే రెండు వరుసల్లో ఎనిమిది రబ్బరు గడులున్న పెట్టె. ఒక్కో గడి మీద పుల్లతో కొడితే ఒక్కో శబ్దం వస్తుంది: డప్పు, తాషా, డోలక్, చప్పట్లు. గట్టిగా కొడితే గట్టిగా, మెల్లగా కొడితే మెల్లగా. పై వరుసలో కుడివైపు రెండు గడులు డప్పువి. బ్యాండంతా నడిచేది ఆ రెండింటి మీదే.

చలికాలంలో ఒక గడి రబ్బరు చిరిగిందని కాక ఆ పెట్టె తెచ్చాడు. రబ్బరు మార్చాను. అంతటితో ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. కంపెనీ కొత్త ఫర్మ్‌వేర్ విడుదల చేసిందని ఫోన్లో చూశాను. కొత్తదంటే మంచిదే కదా అని, ఆయన్ని ఒక్క మాట కూడా అడక్కుండా సాఫ్ట్‌వేర్ కొట్టేశాను. కాక సంబరపడ్డాడు. నేనూ గొప్పగా మీసం దువ్వుకున్నాను.

పెళ్లిళ్లు మొదలయ్యాక పెట్టె తిరిగి వచ్చింది. డప్పు గడులు రెండూ తేలిక దెబ్బలు మింగేస్తున్నాయట. గట్టిగా బాదితేనే మోగుతున్నాయట, అదీ ఒక రోజు అట్లా, ఒక రోజు బాగా. నేను స్విచ్ వేసి గోటితో తాకి చూశాను. మోగింది. ఉఫ్ అని ఊదితే మోగేట్టుగా ఉంది. బ్యాండువాళ్లు నలుగురు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. నాకు సభ దొరికింది.

"కాకా, మిషిన్‌కు కొత్త సాఫ్ట్‌వేర్ కొట్టిన గదా. నీ చెయ్యికే ఇంక పాతది ఉన్నది. దానికి అప్‌డేట్ రాదు."

నలుగురూ పగలబడి నవ్వారు. కాక కూడా నవ్వాడు. నవ్వుతూ తన కుడిచెయ్యిని ఒకసారి తిప్పి చూసుకున్నాడు. అది నేను చూశాను. చూసి కూడా మరచిపోయాను.

పెట్టె నాలుగుసార్లు వచ్చింది, నాలుగుసార్లు పోయింది. గడుల కింద ఉండే సెన్సర్లు మార్చాను. వైర్లు మార్చాను. ఎండలో పెట్టి చూశాను, జనరేటర్ మీద నడిపి చూశాను, ఆటోలో వేసుకొని గుంతల రోడ్డు మీద తిప్పి చూశాను. కంపెనీకి మెయిల్ రాశాను. వచ్చిన జవాబును ఫోనుతోనే తెలుగు చేయించుకున్నాను. స్విచ్ ఆపి, మళ్లీ వేసి చూడండి అని ఉంది. దీనికా నేను వారం రోజులు ఎదురుచూసింది అని నవ్వుకున్నాను. కాక కూడా ఒక రోజు అన్నాడు, "మధ్యల జనరేటర్ బందై మల్ల సురువైతె గప్పుడు మంచిగ మోగుతదిరా" అని.

"అంటే దానికి గూడ మధ్యల చాయ్ కావాలె కాకా" అన్నాను.

కంపెనీ, కాక, ఇద్దరూ ఒకే ముక్క నా చేతిలో పెట్టారు. నేను రెండుసార్లూ నవ్వి పడేశాను.

ఒక మధ్యాహ్నం కాక భార్య దుకాణానికి వచ్చింది. నేను చిన్నమ్మ అంటాను. చుట్టిన బీడీలు కార్ఖానాలో అప్పజెప్పి వస్తోంది, చంకలో ఖాళీ చాట ఉంది. పసుపు బస్తాల లారీ ఒకటి మా సందు మొగదలను మూసేసి నిలబడితే దానికీ గోడకీ మధ్య నుంచి దూరి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఏమన్నవురా మీ కాకను?"

"నేనేమన్న చిన్నమ్మా?"

"చెయ్యి పాతగైంది అన్నవట. నలుగురి ముందట."

"అయ్యో, నవ్వులాటకు అన్న."

"నీకు నవ్వులాటనే. గాయినె నిజామాబాద్ దవాఖానకు పోయిండు చెయ్యి చూపెట్టుకునుటానికి. నరాల గోలీలు రాసిచ్చిన్రు. గవి మింగుతుండు, నూనె రాస్తుండు, పట్టీ కడుతుండు. అన్నం పళ్లెం ముందట పెడితె తినడు. పళ్లెం మీద వేళ్లతోని కొట్టి, 'ఇనవడ్డదా?' అని నన్ను అడుగుతడు. ఇనవడ్డది అంటె నమ్మడు. ఇనవడలే అంటె ఏడుపు ముఖం పెడతడు. నేనేం చెప్పాలె?"

చేతిలోని స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టేశాను.

"బ్యాండు మాస్టరు చెప్పి పంపిండు" అంది ఆమె, గొంతు తగ్గించి. "వచ్చే భీమ్‌గల్ పెళ్లి ఒక్కటి చూస్తడట. గప్పుడు గూడ గిట్లనే అయితె ఏర్గట్లల ప్యాడ్ కొట్టెటోడు ఎవడో ఉన్నడట, వాన్ని తెచ్చుకుంటడట. నువ్వు చెప్పు, రోగం చెయ్యికా, మిషిన్‌కా? చెయ్యికైతె చెప్పు, నేను ఆయిన్ని ఇంట్ల కూసోవెడత. గీ పరేషాన్ల పెట్టకు."

ఆమె వెళ్లాక షట్టరు సగం దించి, పెట్టె ముందు పెట్టుకొని కూర్చున్నాను. ఇరవై ఏళ్ల పైన చేశాను ఈ పని. రోగం దొరకనప్పుడు కోపం వచ్చేది మొదట్లో. తర్వాత పంతం వచ్చేది. ఇప్పుడు నడుము నొప్పి వస్తుంది, అంతే. జనరేటర్ ఆగి మళ్లీ మొదలైతే బాగుపడటం, స్విచ్ ఆపి వేయమన్న కంపెనీ, రెండూ అప్పుడు పక్కపక్కన కూర్చున్నాయి బుర్రలో. రోగం కొట్టేటప్పుడు లేదు. స్విచ్ వేశాక పెట్టె లేచేటప్పుడు ఉంది.

కాకకు ఫోన్ చేసి పిలిపించాను. వచ్చాడు, మణికట్టుకు పట్టీతో.

"కాకా, స్విచ్ వేసేటప్పుడు ఏం జేస్తవు?"

"ఏం జేస్తరా? స్విచ్ ఏస్త."

"గట్ల గాదు. వేసి సూపెట్టు."

వెనకాల వేలు పెట్టి స్విచ్ వేశాడు. చేతులు కట్టుకొని నిలబడ్డాడు. తెర వెలిగింది. డప్పు గడిని తాకాను, మోగింది.

"గిట్లనే ఏస్తవా పెండ్లిల గూడ?"

"ఇంకెట్ల ఏస్తర్రా స్విచ్?" అన్నాడు, నాకు మతి పోయిందా అన్నట్టు. ఆ మాటను నేనెట్లా తప్పుపడతాను?

భీమ్‌గల్ పెళ్లికి నేనూ బండెక్కాను. స్పీకర్లు, జనరేటర్, బ్యాండువాళ్లు, వాళ్ల నడుమ నేను. కాక దారి పొడుగునా మణికట్టు పట్టీ బిగించుకుంటూనే ఉన్నాడు. మాస్టర్ ట్రంపెట్ తుడుచుకుంటూ, "ఇయ్యాల ఇంజనీర్ సాబే వస్తుండు, ఫికర్ లేదు" అని నన్ను ఎత్తిపొడిచాడు. నేను పెట్టె వైపు తిరిగి వైర్లు ఇంకోసారి చూసుకున్నాను.

పొద్దున పదకొండు గంటలకు ఎదుర్కోలు. పెళ్లికొడుకు వాళ్లు ఊరి మొదట్లో దిగారు, ఆడపిల్లవాళ్లు పళ్లేలు పట్టుకొని ఎదురొచ్చారు. కాక బండి మీద పెట్టె ముందు నిలబడ్డాడు. నేను కళ్లార్పకుండా ఆయన చేతులే చూస్తున్నాను. ఎడమచెయ్యి వెనక స్విచ్ దగ్గరికి పోయింది. కుడి అరచెయ్యి పైకి లేచి, డప్పు గడులు రెండింటి మీదా పూర్తిగా ఆనింది. కళ్లు మూసుకున్నాడు. స్విచ్ వేశాడు. తెర వెలిగేదాకా, నాలుగైదు ఊపిర్ల సేపు, ఆ అరచెయ్యి అట్లాగే బరువుగా ఒత్తి ఉంచాడు. తర్వాత చెయ్యి కళ్లకద్దుకొని పుల్ల తీశాడు.

జనాన్ని తోసుకుంటూ బండి దగ్గరికి నడిచాను.

కాక వాళ్ల నాన్న డప్పు వాయించేవాడు. మంట మీద కాచి, మొదటి దెబ్బకు ముందు అరచెయ్యి తోలు మీద ఒత్తిపెట్టి చూసేవాడు. తోలు ఎంత బిగిసిందో అరచెయ్యికే తెలుస్తుంది. చూసి, ఆ చెయ్యినే కళ్లకద్దుకునేవాడు. ఇదంతా కాక తర్వాత చెప్పాడు. నాన్న నుంచి ఆయనకూ వచ్చిన అది దండమూ కాదు, అలవాటూ కాదు. పనికి పోయినప్పుడు ఊపిరి పీల్చినట్టు చేసేది. నా బల్ల మీద చెయ్యడు, ఎందుకంటే నా బల్ల మీద ఉన్నది పని కాదు. అందుకే నేనడిగితే ఆయనకు చెప్పాలని కూడా తోచలేదు.

కొత్త ఫర్మ్‌వేరేమో లేచీలేవగానే ఒక్కో గడి మీద ఎంత బరువుందో చూసుకొని, దాన్నే సున్నా అనుకుంటుంది. ఖాళీ గడి మీద బరువేముంటుంది అని రాసినవాడి ఊహ. పాతదానికి ఈ తెలివి లేదు. కాక అరచెయ్యి బరువును అది సున్నాగా రాసుకుంది. ఆ బరువును మించి పడిన దెబ్బే దానికి దెబ్బ, అంతకన్నా తక్కువైన ప్రతి దెబ్బా దాని లెక్కలో గాలి.

మాస్టర్ ట్రంపెట్ ఎత్తాడు. కాక మొదలుపెట్టాడు. దరువులో సగం లేదు. గట్టి దెబ్బలు మాత్రమే దూరం దూరంగా పడుతున్నాయి, పళ్లూడిన నోట్లోంచి మాటలు వస్తున్నట్టు. ఆడుతున్నవాళ్లు అడుగు తప్పి ఒకరినొకరు చూసుకున్నారు. మాస్టర్ ఊదుతూనే వెనక్కి తిరిగి చూశాడు. కాక ముఖం చూడలేకపోయాను. బండి ఎక్కి పెట్టె వైరు పీకేశాను.

"ఏయ్, ఏం జేస్తున్నవ్‌రా!" మాస్టర్ అరిచాడు.

"కాకా, చెయ్యి తియ్యి! వెనుకకు జరుగు! దేన్నీ ముట్టకు!"

వైరు మళ్లీ పెట్టాను. కాక చేతులు రెండూ గాలిలోకి ఎత్తి నిలబడ్డాడు, పోలీసు పట్టుకున్నవాడిలా. తెర వెలిగింది. "ఇగ కొట్టు" అన్నాను. కొట్టాడు. డప్పు నిండుగా పలికింది. అడుగులు కలిశాయి. మాస్టర్ ఏమైందని కళ్లతోనే అడిగితే, "వైరు లూజున్నది" అని కేకేశాను. అసలు సంగతి అందరి ముందూ చెప్పేది కాదు.

భోజనాల దగ్గర కాక పక్కన కూర్చొని చెప్పాను. సాఫ్ట్‌వేర్ నేను అడక్కుండా కొట్టిన సంగతీ, అరచెయ్యి సంగతీ, అంతా. జోకు లేకుండా అంతసేపు ఆయనతో మాట్లాడటం నాకు అదే మొదలు. ఆయన అన్నం కలుపుతూ విన్నాడు. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"గట్లయితె నా చెయ్యి మంచిగనే ఉన్నదా?" అన్నాడు.

"మంచిగుంది కాకా. గోలీలు బంద్ చెయ్యి."

"పాత సాఫ్ట్‌వేరే మల్ల ఎక్కియ్యరాదు?"

"ఎక్కదు కాకా. గా కంపెనీది ఎక్కుడే ఉన్నది, దిగుడు లేదు."

"స్విచ్ ఏసినంక చెయ్యి పెడితె?" అన్నాడు.

"తెర వెలిగినంక పెట్టుకో. ఏంగాదు."

"వెలిగినంక పెడితె ఏముందిరా? అప్పటికే అది లేచిపాయె." ఇంకో ముద్ద తిన్నాడు. "పోనీ తియ్యి. పని ఉండాలె గదా."

చిన్నమ్మకు ఫోన్ కలిపి నాకిచ్చాడు. "నువ్వే చెప్పు, నేను చెప్తె నమ్మది."

"ఏమైంది, చెయ్యా, మిషినా?" అంది ఆమె.

"రెండూ గాదు చిన్నమ్మా. నేను."

"గది నాకు ముందుగల్లనే అనుమానముండె" అని పెట్టేసింది.

తర్వాత కంపెనీకి మళ్లీ రాశాను. యంత్రం లేచేటప్పుడు గడులను తాకరాదని పెట్టెతో ఇచ్చిన పుస్తకంలోనే రాసి ఉంది, కాబట్టి ఇది లోపం కాదు అని జవాబు వచ్చింది. నిజమే, రాసి ఉంది. అరవయ్యో పేజీ తర్వాత ఎక్కడో, ఇంగ్లీషులో, చిన్న అక్షరాల్లో. ఎవరిది తప్పు అని వాదించే ఓపిక నాకు లేదు. ఇప్పుడు ఎవరి పెట్టె వచ్చినా అడక్కుండా సాఫ్ట్‌వేర్ కొట్టను. దాన్ని ఎట్లా వాడతారని కూడా అడగను, వెళ్లి చూస్తాను. అందుకే దుకాణం సగం రోజులు మూసే ఉంటుంది.

ఆ రోజు భోజనాలయ్యాక పెళ్లికూతురిని సాగనంపే ఊరేగింపు ఉంది. మాస్టర్ బండి దగ్గరికి వచ్చి, "కాకా, వచ్చే ముహూర్తానికి గూడ నువ్వే వస్తున్నవు గదా?" అని అడిగాడు, ఏమీ జరగనట్టు. కాక తలూపాడు. స్విచ్ నన్ను వేయమన్నాడు. నేను వేశాను. ఆయన రెండు చేతులూ వెనక్కి కట్టుకొని, పెట్టె వైపు చూడకుండా, బజారు వైపు చూస్తూ నిలబడ్డాడు. తెర వెలిగిందని చెప్పాక తిరిగి, పుల్ల తీసి, మణికట్టు పట్టీ విప్పి జేబులో కుక్కుకున్నాడు.

గట్టి దెబ్బతో మొదలవుతుందనుకున్నాను. ఆయన పుల్ల కొనను డప్పు గడి మీద ఊరికే అట్లా ఆనించాడు. స్పీకర్లో చిన్నగా పలికింది. మళ్లీ ఆనించాడు, ఇంకా తేలికగా. అదీ పలికింది. ఇన్ని నెలలుగా వినపడని దెబ్బలన్నీ ఒక్కొక్కటే వేసి వింటున్నాడు.

కింద ఆడటానికి తయారైన కుర్రాళ్లు కేకలు మొదలుపెట్టారు. "గట్టిగ కొట్టు కాకా! ఇనవడ్తలేదు!"

మాస్టర్ ట్రంపెట్ పెదాల దగ్గర పెట్టుకొని నా వైపు చూశాడు. నేను స్పీకరు డబ్బా మీద కూలబడి, జర ఆగమని చెయ్యి చూపించాను. కాక ఎవరి మాటా వినిపించుకోలేదు. ఇంకో చుట్టు తేలికగానే వాయించాడు.